అల్లాయ్ వీల్స్ కొనేముందు అంగుళాలతో పాటు ఇవీ అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ వాహనాల పేజీలో ఈమధ్య వచ్చిన అల్లాయ్ వీల్స్ వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. 15 అంగుళాల వీల్స్ తీసి 17 వేస్తే కారు రూపమే మారిపోతుందని రాశారు. అది నిజమే. కానీ చివర్లో ఉన్న ఒక వాక్యం చదివాక ఊరుకోలేకపోయాను. వీల్స్ మార్చాక ఒకసారి అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణాలు సరిచేయడం) చేయిస్తే అన్నీ సర్దుకుంటాయని రాశారు. నేను చేసేది ఆ అలైన్‌మెంట్ పనే. సర్దుకోవు సార్. మెషిన్ మీద మేం చూసేవి ముఖ్యంగా మూడు కోణాలు: టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగిన కోణం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం), క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వాలిన కోణం). చాలా కార్లలో వీటిలోనూ ముందు చక్రాల టో ఒక్కటే మార్చే వీలుంటుంది. బండికి సరిపడని రిమ్ (టైర్ ఎక్కించే లోహపు చక్రం) బిగించుకుని వస్తే, దాన్ని సరిపడేలా చేసే సర్దుబాటు మా దగ్గర లేదు. అందుకే ఆ వాక్యాన్ని సవరిస్తూ ఒక ముక్క వేయమని కోరుతున్నాను. ఎందుకింత పట్టుబడుతున్నానో కింద రాస్తున్నాను. ఉత్తరం పొడవైతే కుదించండి గానీ లెక్కలు మాత్రం తీసేయకండి.

పెద్ద వీల్స్ వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. సరైన సైజు ఎంచుకుంటే కారు మలుపుల్లో ఇంకా నిలకడగా ఉంటుంది, చూడ్డానికీ బాగుంటుంది. నా బాధల్లా కొనేవాళ్లు అంగుళాలూ డిజైనూ చూసి ఆగిపోతున్నారని. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి చెప్పే మాటలు ఎప్పుడూ ఒకటే: "స్టీరింగ్ వణుకుతోంది", "వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే లోపల రాసుకుంటోంది", "టైర్ లోపలి అంచు తినేస్తోంది", "బ్రేక్ కొడితే ఒక పక్కకు లాగుతోంది". వీటిలో ఎక్కువ భాగం కొనే రోజు అయిదు నిమిషాలు లెక్క వేసుకుంటే రాని సమస్యలు.

ముందు టైర్ సంగతి. టైర్ పక్కన 195/65 ఆర్15 91హెచ్ అని ఉందనుకోండి. 195 అంటే టైర్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనేది మిల్లీమీటర్లు కాదు, శాతం. సైడ్‌వాల్, అంటే టైర్ పక్క గోడ, ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం అని అర్థం. 195లో 65 శాతం అంటే 126.75 మిల్లీమీటర్లు. రిమ్ 15 అంగుళాలు, అంటే 381 మిల్లీమీటర్లు. దానికి పైనా కిందా సైడ్‌వాల్ కలిపితే టైర్ మొత్తం ఎత్తు 634.5 మిల్లీమీటర్లు. చక్రం ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు రెండు మీటర్లు ముందుకు పోతుంది. స్పీడోమీటర్, ఓడోమీటర్, గేర్ల నిష్పత్తులు అన్నీ ఈ ఎత్తు మీద ఆధారపడే తయారయ్యాయి.

ఇప్పుడు 16కి వెళ్దాం. 205/55 ఆర్16 తీసుకుంటే ఎత్తు 631.9. 17కి వెళ్లి 225/45 ఆర్17 తీసుకుంటే 634.3. రిమ్ పెరిగింది, సైడ్‌వాల్ తగ్గింది, మొత్తం ఎత్తు దాదాపు కదల్లేదు. సైజు పెంచడమంటే ఇలా ఉండాలి. కానీ చాలామంది ఏం చేస్తారంటే, 65 అన్న అంకెను అలవాటు కొద్దీ అలాగే ఉంచి 205/65 ఆర్16 వేసేసుకుంటారు. దాని ఎత్తు 672.9. పాతదాని కంటే ఆరు శాతం ఎక్కువ. పాత టైర్లతో మీటర్ కచ్చితంగా చూపించేదైతే, ఇప్పుడు 100 చూపిస్తున్నప్పుడు బండి 106లో పోతుంటుంది. ఓడోమీటర్‌లో 10,000 కిలోమీటర్లు పడేసరికి నిజంగా తిరిగింది 10,600. ఇంజిన్‌కు ప్రతి గేరూ కాస్త బరువవుతుంది, ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు ఆ తేడా తెలిసిపోతుంది. టైర్ పైభాగం మడ్‌గార్డ్‌కు 19 మిల్లీమీటర్లు దగ్గరవుతుంది. పెద్ద చక్రాన్ని ఆపడానికి అదే బ్రేక్ ఎక్కువ కష్టపడాలి.

స్పీడోమీటర్ విషయంలో ఇంకో మాట చెప్పాలి. ఐక్యరాజ్యసమితి 39వ నంబరు వాహన నిబంధన ప్రకారం మీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించవచ్చు, దానికీ ఒక హద్దు ఉంది: అసలు వేగంలో పది శాతానికి మరో 4 కిలోమీటర్లు కలిపినంత. అందుకే కంపెనీ నుంచి వచ్చిన కార్ల మీటర్లు సాధారణంగా ఒకింత ఎక్కువే చూపిస్తాయి. పెద్ద టైర్ వేస్తే ఆ జాగా కరిగిపోతుంది, మరీ పెద్దదైతే మీటర్ తక్కువ చూపించడం మొదలుపెడుతుంది. 80లో పోతున్నామనుకుని అంతకంటే వేగంగా పోవడం ఎవరికీ మంచిది కాదు.

టైర్ ఎత్తులో మూడు శాతం వరకు తేడా ఫర్వాలేదని మా పనివాళ్లం అనుకుంటుంటాం. నన్నడిగితే ఒకటిన్నర దాటకుండా చూసుకోమంటాను. చాలా సైజులకు అంతకంటే దగ్గరి జోడీ దొరుకుతుంది, వెతకాలంతే. తేడా ఎంతున్నా నాలుగు చక్రాల ఎత్తూ ఒకటే ఉండాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ కొట్టినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ప్రతి చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తుంటుంది. ముందో సైజు వెనకో సైజు ఉంటే దాని లెక్క తప్పుతుంది. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి వెళ్లే బండ్లలో ఇది ఇంకా ప్రమాదం, లోపలి గేర్లూ క్లచ్చూ వేడెక్కి పాడైపోతాయి. టైర్లలో గాలి తగ్గితే చెప్పే కొన్ని వ్యవస్థలు కూడా చక్రాల వేగాన్ని పోల్చే పనిచేస్తాయి. వాటిని కొత్త టైర్లు వేశాక మళ్లీ సెట్ చేయాలి. సెన్సర్ వాల్వులో ఉండే రకమైతే ఆ సెన్సర్లు కొత్త రిమ్‌లోకి మార్పించుకోవాలి.

సైజు తర్వాత ఉండే 91, హెచ్ అన్నవి చాలామంది చూడనే చూడరు. 91 అంటే ఆ టైర్ గరిష్ఠంగా 615 కిలోలు మోయగలదు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు ఆ బరువుతో తట్టుకుంటుంది. టి అయితే 190, వి అయితే 240. వేగం గుర్తు ఒకటి రెండు మెట్లు పైకి వెళ్లినా నష్టం లేదు. బరువు గుర్తు మాత్రం కంపెనీ ఇచ్చినదాని కంటే కిందికి దిగకూడదు. ఇందులో ఎలా మోసపోతారో ఒక ఉదాహరణ చెప్తాను. 17 అంగుళాలకు మారేటప్పుడు 225 బదులు 205/45 ఆర్17 దొరికిందని తీసుకున్నారనుకోండి. ఎత్తు 616.3, మూడు శాతం లోపే ఉంది కదా అని సంతోషిస్తారు. కానీ ఆ సైజులో మామూలు టైర్ బరువు గుర్తు 84. అంటే 500 కిలోలు. ఒక్కో చక్రం దగ్గర 115 కిలోలు పోయాయి. ఖాళీ బండికి తెలియదు. అయిదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి, ఎండలో హైవే మీద వేగంగా పోతున్నప్పుడు ఆ టైర్ లోపల వేడి పెరుగుతూ పోతుంది. అదే సైజులో ఎక్స్‌ఎల్ అని రాసి ఉండే గట్టి రకం వస్తుంది, దాని గుర్తు 88, మోసేది 560. అదీ 615కి తక్కువే.

ఎక్స్‌ఎల్ టైర్ వేసేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అది మోయగల పూర్తి బరువు దాదాపు 42 పీఎస్ఐ గాలి దగ్గర లెక్కించింది, మామూలు టైర్‌ది 36 దగ్గర. పాత టైర్లకు కొట్టిన 32నే వీటికీ కొట్టించుకుంటూ పోతే ఆ అదనపు బలం కాగితం మీదే ఉంటుంది. డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది చూశారా, గాలి ఎంత కొట్టాలో చెప్పేది. అది ఆ స్టిక్కర్ మీద రాసిన సైజులకే వర్తిస్తుంది. సైజు మార్చినప్పుడు కొత్త టైర్ కంపెనీ ఇచ్చే బరువు, గాలి పట్టిక చూసి కొత్త లెక్క కట్టాలి. ముందు యాక్సిల్ మీద, వెనక యాక్సిల్ మీద గరిష్ఠంగా ఎంత బరువు పడొచ్చో బండి ప్లేటు మీద గానీ మాన్యువల్‌లో గానీ ఉంటుంది. ముందు 950 కిలోలని ఉంటే, మీరు కొట్టే గాలి దగ్గర ఒక్కో టైరూ కనీసం 475 మోయాలి. ఈ పని టైర్ అమ్మేవాళ్లతో చేయించండి, చేయలేమంటే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి.

రిమ్ వెడల్పు సంగతి త్వరగా చెప్పేస్తాను. రిమ్ మీద 6జె, 7జె అని ఉంటుంది, అంగుళాల్లో వెడల్పు. ప్రతి టైర్‌కూ సరిపడే రిమ్ వెడల్పుల పరిధి ఒకటుంది. 195/65 ఆర్15కి 5.5 నుంచి 7 వరకు, 205/55 ఆర్16కి 5.5 నుంచి 7.5 వరకు, 225/45 ఆర్17కి 7 నుంచి 8.5 వరకు. 6జె రిమ్ మీద 225 ఎక్కిస్తే టైర్ పక్కలకు ఉబ్బి మలుపులో ఊగుతుంది. మరీ వెడల్పు రిమ్ మీద సన్న టైర్ లాగి ఎక్కిస్తే రిమ్ అంచు బయటపడి ఉంటుంది, ఓ పెద్ద గుంతలో టైర్ రిమ్ నుంచి ఊడొచ్చు. అలా లాగి ఎక్కించడం కొందరికి స్టైల్‌గా కనిపిస్తోంది. దయచేసి మీ పేజీలో అలాంటి ఫొటోలు వేయకండి.

ఇక నేను ఇంత పొడవు ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆఫ్‌సెట్. మీ వ్యాసంలో ఈ మాట ఒక్కసారి కూడా రాలేదు. రిమ్ వెడల్పు మధ్య గీత నుంచి, హబ్‌కు (చక్రాన్ని బిగించే కారు వైపు భాగానికి) ఆనుకునే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె ఇది. రిమ్ మీద ఈటీ అని, పక్కన మిల్లీమీటర్లలో పోతపోసి ఉంటుంది. ఈటీ45 అంటే ఆ ముఖం మధ్య గీతకు 45 మిల్లీమీటర్లు బయటి వైపుకు ఉందని. ఈటీ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది, పెరిగేకొద్దీ లోపలికి పోతుంది.

కంపెనీ ఇచ్చింది 6జె, ఈటీ45 అనుకోండి. మీకు నచ్చిన డిజైన్ 7.5జె, ఈటీ35లో ఉంది. తేడా పదే కదా అనిపిస్తుంది. లెక్క వేయండి. పాత రిమ్ వెడల్పు 152.4 మిల్లీమీటర్లు, సగం 76.2. అందులో 45 తీసేస్తే హబ్ ముఖం నుంచి బయటికి 31.2 ఉంటుంది, లోపలికి 76.2కు 45 కలిపితే 121.2. కొత్త రిమ్ వెడల్పు 190.5, సగం 95.25. బయటికి 60.25, లోపలికి 130.25. అంటే చక్రం బయటి అంచు 29 మిల్లీమీటర్లు ముందుకొచ్చింది, లోపలి అంచు కూడా 9 మిల్లీమీటర్లు స్ట్రట్ (చక్రం లోపలి పక్కన ఉండే సస్పెన్షన్ స్తంభం) వైపు జరిగింది. ఒకేసారి రెండు పక్కలా! ఇది తెలియక, "బయటికి వచ్చింది కాబట్టి లోపల ఖాళీ పెరిగి ఉంటుంది" అనుకునేవాళ్లు ఎందరో.

ఇలాంటి బండి ఒకటి నా దగ్గరికి వచ్చినప్పుడు చక్రం విప్పి మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ లైనర్ మీద చేత్తో తడిమి చూశాను. ఒకచోట నెలవంక ఆకారంలో నున్నగా, అద్దంలా మెరుస్తోంది. మిగతా అంతా బురద, ఆ నెలవంక మాత్రం శుభ్రంగా ఉంది. ఆ వంపు చివర ఒక స్క్రూ తల సగం అరిగిపోయి, పదునుగా పైకి లేచింది. టైర్ భుజం మీద చుట్టూ సన్నటి గీత, గోరు పెడితే దిగేంత లోతు. ఆ స్క్రూ ప్రతి మలుపులో టైర్‌ను కోస్తూ వచ్చింది. బండి అబ్బాయి స్టీరింగ్ తిప్పినప్పుడు గర్‌మని చప్పుడు వస్తోందని, అలైన్‌మెంట్ చేస్తే పోతుందని చెప్పారని వచ్చాడు. "అన్నా, క్యాంబర్ కొంచెం లోపలికి వంచితే తగలదట కదా" అన్నాడు. "వంచితే ఇవాళ తగలదు తమ్ముడూ, కానీ టైర్ లోపలి అంచు మీదే నడుస్తుంది, తొందరలోనే లోపలి నుంచి తీగలు బయటపడతాయి, నీకు పైనుంచి కనిపించదు కూడా" అన్నాను. అలా వంచే పని నేను చేయను. రాసుకుంటున్న చక్రాన్ని దాచిపెట్టడానికి కోణాలు మార్చే పని ఎవరు చేసినా తప్పే.

తగలడం ఒక్కటే సమస్య అయితే మడ్‌గార్డ్ అంచు మడిచేసి ఊరుకోవచ్చు. ఆఫ్‌సెట్ మారితే కంటికి కనపడనివి కూడా మారతాయి. చక్రం నేలను తాకే చోటుకూ, స్టీరింగ్ తిరిగే ఇరుసు రేఖ నేలను తాకే చోటుకూ మధ్య కొద్ది మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. దాన్ని స్క్రబ్ రేడియస్ అంటాం. చక్రం ఎంత బయటికి జరిగితే ఇదీ అంతా మారుతుంది. చాలా ముందు చక్రాల డ్రైవ్ కార్లలో బ్రేకు గొట్టాలు ఐమూలగా ఉంటాయి, కుడి ముందు చక్రానికీ ఎడమ వెనక చక్రానికీ ఒక లైను, మిగతా రెంటికీ ఇంకో లైను. ఒక లైను పాడైతే ముందు ఒక్క చక్రమే పట్టుకుంటుంది, అయినా బండి పక్కకు దూసుకుపోకుండా ఈ స్క్రబ్ రేడియస్‌ను లోపలి వైపుకు ఉండేలా పెడతారు. తక్కువ ఈటీ రిమ్ వేస్తే ఆ రక్షణ తగ్గిపోతుంది. రోజువారీ నడకలో అది స్టీరింగ్ లాగడంగా, గతుకుల మీద చేతికి తగిలే కుదుపుగా తెలుస్తుంది. వీల్ బేరింగ్ మీద పడే మెలి కూడా పెరిగి, అది తొందరగా మూలగడం మొదలుపెడుతుంది. రిమ్‌కూ హబ్‌కూ మధ్య స్పేసర్ ప్లేట్లు పెడితే కూడా ఇదే జరుగుతుంది, ఎందుకంటే 10 మిల్లీమీటర్ల స్పేసర్ వేయడమంటే ఈటీని పది తగ్గించడమే.

రిమ్ మీద ఈటీ అంకె లేకపోతే మనమే కొలుచుకోవచ్చు. టైర్ లేని రిమ్‌ను ముఖం కిందికి బోర్లించి, వెనక అంచు మీద తిన్నటి ఇనుప స్కేలు అడ్డంగా పెట్టాలి. స్కేలు కింది అంచు నుంచి హబ్‌కు ఆనే ముఖం దాకా లోతు కొలవాలి. తర్వాత రిమ్ మొత్తం వెడల్పు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు కొలిచి, సగం చేసి, ఆ లోతులోంచి తీసేయాలి. 7జె రిమ్ అంచుల మందంతో కలిపి దాదాపు 203 మిల్లీమీటర్లు ఉంటుంది, సగం 101.5. లోతు 143 వస్తే ఈటీ 41 లేదా 42 అన్నమాట.

పీసీడీ గురించి మీ వ్యాసంలో ఒక్క లైను ఉంది, "బోల్టు రంధ్రాలు సరిపోవాలి" అని. సరిపోయినట్టు కనిపించడం వేరు. బోల్టుల మధ్య బిందువుల మీదుగా గీసిన వృత్తం వ్యాసమే పీసీడీ. 4×100, 5×100, 5×108, 5×112, 5×114.3 ఎక్కువగా కనిపించేవి; మొదటి అంకె బోల్టుల సంఖ్య, రెండోది పీసీడీ, మిల్లీమీటర్లలో. 114.3 అనేది వింతగా ఉంటుంది గానీ అది నాలుగున్నర అంగుళాలు. అయిదు రంధ్రాల రిమ్‌లో పక్కపక్క రంధ్రాల మధ్య దూరం కొలిచి 1.701తో గుణిస్తే పీసీడీ వస్తుంది. 112కు ఆ దూరం 65.8, 114.3కు 67.2. చూశారా, తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు! బట్టల టేపుతో కొలిస్తే తెలియదు. 5×114.3 రిమ్‌ను 5×112 హబ్ మీద పెడితే బోల్టులు ఎక్కుతాయి కూడా, బిగుస్తాయి కూడా. కానీ ఒక్కోటీ కొద్దిగా పక్కకు వంగి, రంధ్రం ఒక అంచునే నొక్కుతూ కూర్చుంటుంది. నడిచేకొద్దీ వదులవుతుంది, లేదా బోల్టు మెడ దగ్గర విరుగుతుంది. 4×98, 4×100 మధ్య కూడా ఇదే ప్రమాదం. మాన్యువల్‌లో ఉన్న అంకె, రిమ్ మీద ఉన్న అంకె ఒకటేనా అని కళ్లతో చదివి చూసుకోవాలి.

రిమ్ మధ్యలో ఉండే పెద్ద రంధ్రం, సెంటర్ బోర్, స్టీరింగ్ వణుకుకు నేను చూసిన కారణాల్లో ముందు వరసలో ఉంటుంది. ఒక్కో కారు హబ్ ఒక్కో కొలత: 54.1, 57.1, 64.1, 67.1 ఇలా. బయట అమ్మే రిమ్‌లు అన్ని కార్లకూ పనికొచ్చేలా తరచూ 73.1తో చేస్తారు. అలాంటి రిమ్ 57.1 హబ్ మీద పెడితే చుట్టూ ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ. చక్రం మధ్యలోకి వచ్చిందో లేదో చెప్పే ఆధారం బోల్టులు తప్ప ఇంకేం ఉండదు. బిగించేటప్పుడు కాస్త పక్కకు జరిగిందా, ఇక ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా 80, 90 దగ్గర వణుకు పోదు. బ్యాలెన్సింగ్ మెషిన్ మీద చక్రాన్ని శంఖువుతో మధ్యలో పట్టి తిప్పుతాం కాబట్టి అక్కడ అంతా సున్నా చూపిస్తుంది, తప్పు కారు మీదే ఉంటుంది. విప్పి చూస్తే గుర్తు దొరుకుతుంది: ఆనుకునే రిమ్ అయితే హబ్ మెడ చుట్టూ శుభ్రమైన వలయం కనిపిస్తుంది, ఆనకపోతే మొత్తం తుప్పే. దీనికి పరిష్కారం తేలిక. హబ్ కొలతకూ రిమ్ కొలతకూ సరిపోయే సెంటర్ రింగులు, ప్లాస్టిక్‌వి గానీ అల్యూమినియంవి గానీ దొరుకుతాయి. వీల్స్‌తో పాటే అడిగి తీసుకోవాలి. రిమ్ రంధ్రం హబ్ కంటే చిన్నదైతే మాత్రం ఆ రిమ్ మీ బండికి కాదు.

బోల్టులూ నట్లూ కూడా కొత్త రిమ్‌కు తగ్గవి ఉండాలి. కొన్ని రిమ్‌లకు 60 డిగ్రీల శంఖువు కూర్చునే గుంట ఉంటుంది, కొన్నింటికి గోళం ఆకారం, కొన్నింటికి చదును. గోళం గుంటలో శంఖువు నట్టు బిగిస్తే సన్నటి గీత మేరకే ఆనుతుంది, ఎంత బిగించినా వదులవుతుంది. మరలు కూడా 12 మిల్లీమీటర్ల బోల్టులోనే, మర చుట్ల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, 1.5 మిల్లీమీటర్లు అని రెండు రకాలున్నాయి. చేత్తో అయిదారు చుట్లు తేలిగ్గా ఎక్కకపోతే ఆపేయాలి, గన్ పెట్టి తిప్పేయకూడదు. చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్), మాన్యువల్ చెప్పిన అంకెకు. 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి అదే రెంచ్‌తో చూసుకోవాలి, అల్లాయ్ రిమ్ కొత్తలో కాస్త సర్దుకుంటుంది. స్టెప్నీ ఇనుప రిమ్‌దే ఉంటే పాత బోల్టులు డిక్కీలో పెట్టుకోండి. అల్లాయ్‌కి ఇచ్చిన పొడవు బోల్టులు సన్నటి ఇనుప రిమ్‌కు వాడితే లోపలికి పొడుచుకెళ్లి బ్రేక్‌కు తగలవచ్చు.

రిమ్‌కు కూడా బరువు హద్దు ఉంటుంది. వెనక వైపు చూస్తే గరిష్ఠ బరువు 690 కేజీ లాంటి అంకె పోతపోసి ఉంటుంది. జపాన్ ప్రమాణాలకు తగ్గ రిమ్‌ల మీద జేడబ్ల్యూఎల్ అని, విడిగా పరీక్షించి నమోదు చేసినవైతే వీఐఏ అని కూడా ఉంటుంది. ఏ గుర్తూ, ఏ అంకే లేని రిమ్ ఎంత అందంగా ఉన్నా కొనకండి. ఇంటి మనుషులు ఎక్కే బండి అది.

ఎంత పెద్దది వేయాలన్న ప్రశ్నకు నా సమాధానం: రోడ్లు గుంతలున్నవైతే ఒక అంగుళం చాలు. పైన చెప్పిన లెక్కలోనే 15 నుంచి 17కు వెళ్తే సైడ్‌వాల్ 126.75 నుంచి 101.25కు, అంటే అంగుళం మేర తగ్గింది. గుంత అంచు తగిలినప్పుడు టైర్ రిమ్‌కూ రోడ్డుకూ మధ్య నలుగుతుంది, లోపలి దారాలు తెగుతాయి. కొన్ని రోజులకు పక్కన బుడిపె కనిపిస్తుంది. దానికి రిపేర్ లేదు, ఆ టైర్ పారేయాల్సిందే. బరువు కూడా చూడండి. పెద్ద రిమ్ చవక పోతదైతే పాత ఇనుప దానికంటే బరువుండొచ్చు. స్ప్రింగు కింద ఉండే బరువు పెరిగితే గతుకు మీద చక్రం నేలను వదిలి లేచి ఆలస్యంగా దిగుతుంది, బ్రేకింగ్‌కీ సౌఖ్యానికీ రెంటికీ చెడు. రెండు రిమ్‌లు చేతిలోకి తీసుకుని ఎత్తి చూసినా తేడా తెలుస్తుంది.

ఈ లెక్కలేవీ వేయలేం అనేవాళ్లకు తేలికైన దారి ఒకటుంది. మీ కారు మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ ఏ సైజు వీల్, టైర్ ఇస్తోందో చూడండి. మాన్యువల్‌లోనో, తలుపు పక్క స్టిక్కర్ మీదో ఆ సైజులన్నీ ఉంటాయి. ఆ వెడల్పు, ఆ ఈటీ, ఆ టైర్ సైజు, ఆ బరువు గుర్తు తీసుకుని, డిజైన్ మాత్రం మీ ఇష్టమొచ్చింది ఎంచుకోండి. ఆ సైజు మీద కంపెనీవాళ్లు సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్ అన్నీ పరీక్షించి ఉంటారు. ఇంజిన్ గానీ బ్రేకు డిస్కులు గానీ వేరే ఉన్న వేరియంట్ అయితే ఒకసారి సర్వీస్ వాళ్లను అడగాలి.

కొనే రోజు, టైర్ ఎక్కించకముందే ఒక ఖాళీ రిమ్‌ను ముందు చక్రానికి బిగించి చూడమని అడగండి. బ్రేక్ క్యాలిపర్‌కు (బ్రేకు డిస్కును పట్టి నొక్కే భాగానికి) రిమ్ ఊచలు తగలకుండా చేత్తో తిప్పి చూడాలి. అది సరిపోయాక టైర్ ఎక్కించి, స్టీరింగ్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి, జాకీతో సస్పెన్షన్ కింది ఆర్మ్‌ను పైకెత్తి సస్పెన్షన్ పూర్తిగా అణిగినప్పుడు మడ్‌గార్డ్, లైనర్, స్ట్రట్ ఎక్కడా తగలకుండా ఉందో లేదో చూడాలి. స్ట్రట్ దగ్గర కనీసం అయిదారు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. టైర్ ఎక్కించి రోడ్డు మీదికి తీసుకెళ్లాక చాలామంది అమ్మకందారులు రిమ్ వెనక్కి తీసుకోరు, కాబట్టి ఈ పరీక్షకు తొందర పెట్టనివ్వకండి. టైర్ల తయారీ తేదీ కూడా అప్పుడే చూసుకోండి. సైడ్‌వాల్ మీద డాట్ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు 2324 అని ఉంటే 2024లో 23వ వారం.

మీకు నా విన్నపం రెండు ముక్కల్లో: అలైన్‌మెంట్‌తో అన్నీ సర్దుకుంటాయన్న వాక్యానికి సవరణ వేయండి. ఇకమీదట మారిన వీల్స్ ఉన్న కారు ఫొటో వేసినప్పుడు దాని కింద పాత టైర్ సైజు, కొత్త టైర్ సైజు, రిమ్ వెడల్పు, ఈటీ, టైర్ బరువు గుర్తు కూడా వేయండి. ఫొటో పంపినవాళ్లను అడిగితే చెప్తారు. చెప్పలేనివాళ్ల ఫొటో ఆ వారానికి పక్కన పెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
వీల్ అలైన్‌మెంట్ మెకానిక్